మంచుపెట్టెలో మూగబోయిన సాక్షులు

"నా మొగుడికి నేనే విషం పెడుతున్నానట సార్!"

గుమ్మంలో అడుగు పెడుతూనే అందావిడ. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి గానీ గొంతు మాత్రం వణకలేదు.

డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయన్ని అందరూ డేగ అంటారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం. అసిస్టెంటుకైతే గురువుగారి పేరెత్తితే చాలు, ఒళ్లు పొంగిపోతుంది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. నెలల తరబడి సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు. మనిషి సగమైపోయాడు. క్షయేమోనని డాక్టరమ్మ అనుమానించింది. కఫంలో ఏమీ లేదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, చివరికి రక్తపరీక్షలోనూ తేలలేదు. రోగం లేదంటే విషమేనని తీర్మానించేశాడు బావగారు, అంటే భర్తకి అన్న. పాల డిపో నడుపుతాడు. వారం ఆగి పోలీసు కేసు పెడతాడట. అప్పటిదాకా ఆమె చేతి మంచినీళ్లు కూడా తమ్ముడికి అందకూడదట.

"ఆయనకి ఇంత అన్నం పెట్టుకునే రాత కూడా లేదా నాకు?" అందామె.

డేగ వెంటనే వాళ్లింటికి బయల్దేరాడు. మాటల్లో డ్రైవరు తువ్వాలు కింద పడింది. అతను వంగలేదు. ఒక చెయ్యి తొడమీద ఆనించి, వీపు కర్రలా నిటారుగా పెట్టి, మోకాళ్లు మడిచి తీసుకున్నాడు.

"నడుం నొప్పా?"

"డ్రైవరన్నాక అది లేకుండా ఉంటుందా సార్! మా ఆవిణ్ణి మాత్రం ఒక్క మాట అనకండి."

పాల డిపోలో అన్నగారు చిటపటలాడుతున్నాడు.

"రక్తం ల్యాబుకి ఎవరు పట్టుకెళ్లారు?" అడిగాడు డేగ.

"ఇంకెవరు, నేనే! వాళ్లనీ వీళ్లనీ నమ్మితే అంతే సంగతులు. నా చేతిలో పడ్డ సరుకు ఏనాడైనా చెడిందేమో అడగండి!" అంటూ పక్కనున్న మంచుపెట్టెని గర్వంగా చరిచాడు.

ల్యాబులో డేగ అడిగింది ఒకటే ప్రశ్న. "మూడో గొట్టం పలికిందా?"

"లేదండీ. అందుకే మళ్లీ రక్తం కావాలన్నాం. రక్తం తెచ్చినాయన 'ఏమీ లేదన్నమాట' అంటూ వెళ్లిపోయారు."

మళ్లీ రక్తం తీశారు. ఈసారి అసిస్టెంటు మంచు ఊసెత్తకుండా నేరుగా ల్యాబుకి చేర్చాడు.

వారం తిరిగేలోపు డేగ అందర్నీ డ్రైవరు ఇంట్లో కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ కూడా వచ్చింది. డేగ మొదలుపెట్టాడు.

"మన రక్తంలో కాపలా కణాలుంటాయి. క్షయ క్రిమితో ఒకసారి తలపడితే దాని ముఖం మర్చిపోవు. దాని ముక్కలు చూపిస్తే కేక పెడతాయి. ల్యాబులో రక్తాన్ని మూడు గొట్టాల్లో పోసి ఆ కేకని కొలుస్తారు. మొదటి గొట్టంలో ఏమీ కలపరు, రెండోదాంట్లో క్రిమి ముక్కలు. మూడోదాంట్లో మాత్రం ప్రాణమున్న ఏ కణమైనా అరిచి తీరాల్సిన మందు. ఆవేళ అది కూడా పలకలేదు! అంటే సాక్షులు 'ఎరగం' అనలేదు. సాక్షుల నోరే పడిపోయింది. నోరు నొక్కిందెవరు?"

అన్నగారి ముఖం పాలిపోయింది. "పాలలాగే చెడిపోతుందేమోనని..."

"మంచులో పెట్టారు. పాలని కాపాడే చల్లదనమే వీటి ఉసురు తీసింది."

డాక్టరమ్మ అందుకుంది. "ఈసారి కేక గట్టిగా వినిపించింది. కానీ అది శత్రువుని ఎరుగుదుమని చెబుతుందంతే, ఎక్కడ దాక్కున్నాడో చెప్పదు. డేగగారు నడుం చూడమన్నారు. క్షయ ఎముకల్లోనూ దాక్కుంటుంది. స్కాను తీసి, వెన్నుపూసలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూస్తే క్రిమి దొరికింది. మందులు మానకుండా వాడితే నయమవుతుంది."

"మా గురువుగారంటే ఏమనుకున్నారు!" అన్నాడు అసిస్టెంటు ఛాతీ విరుచుకుని.

"నాదేముందయ్యా? ఇంత జ్వరంలోనూ దొంగ ముఖం మర్చిపోని ఆ కణాలకి పెట్టు దణ్ణం!" అన్నాడు డేగ. ఆయన పొగడ్తని పక్కకి తోసెయ్యడం అసిస్టెంటు చూడటం అదే మొదటిసారి.

అన్నగారు లేచాడు. తను తెచ్చిన పాలు గ్లాసులో పోసి మరదలి ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా. నీ చేత్తోనే ఇవ్వు."

ఆమె గ్లాసు అందుకుంది. కళ్లు తుడుచుకుని, తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"చల్లగా ఉన్నాయి బావగారూ. వేడి చేసి ఇస్తాను."

వంటగదిలోకి వెళుతున్న ఆమెనే చూస్తూ డ్రైవరు మెరిసిపోయాడు. "చూశారా సార్, మా ఆవిడ!"