మూడు మూలల పెరడు

పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తిరగమోత ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే, నారాయణ మాత్రం టేపు పట్టుకుని పెరట్లో నిలబడ్డాడు. ఆయనకు నంద్యాలలో నాపరాళ్ల అంగడి ఉంది. ఎవరెవరి ఇళ్లకో బండలు పరిపించాడు గానీ ఆళ్లగడ్డలో తన సొంత పెరడు మట్టిగానే వదిలేశాడు. వచ్చే ఆదివారం కూతురు లావణ్య నిశ్చితార్థం. షామియానా వేసేది ఇక్కడే కాబట్టి ఇప్పుడిక తప్పదు.

ఆ పెరడు మూడు మూలలది. ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు అన్న శేషయ్యకు నాలుగు మూలల ముక్క, ఈయనకు ఇదీ వచ్చాయి. "చూసేకి చిన్నగుంది గానీ వైశాల్యం రెండూ ఒకటేరా" అని, లెక్కల మాస్టరుగా రిటైరైన శేషయ్య కాగితం మీద వేసి చూపించబోయాడు. నారాయణ వింటేగా! పెద్దమనుషుల ముందు "దొంగ లెక్క" అనేశాడు. తనకు చిన్నప్పుడు లెక్కలు నేర్పిన మనిషినే అంత మాట అన్నాడు. శేషయ్య లేచి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. పెరళ్ల మధ్య పిట్టగోడ లేచింది, రాకపోకలు ఆగిపోయాయి.

"పెద్దోడు లేకుండా తాంబూలాలు యాడివిరా?" అంది తల్లి సరోజమ్మ అరుగు మీది నుంచి. ఈ మాట ఆమె రోజూ అంటూనే ఉంది.

"పిలిస్తే వస్తాడా అమ్మా? మొగం మీద తలుపేస్తాడు."

"పిలిస్తే కదా తెలిసేది!" ఉగ్గాని ప్లేట్లు తెస్తూ భార్య సుకన్య అందుకుంది. "ఊరందరి ఇండ్లకూ పత్రిక ఇచ్చొస్తివి. పక్కింటికి పోయేకి మాత్రం కాళ్లు రావు."

లావణ్య తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. "నాయనా, పెద్దనాయన రాకుంటే నేను పీట మీద కూచోను."

"ఏందీ, నన్నే బెదిరిస్తాండావా?" నారాయణ గొంతు లేచింది. "ఆయప్పే ముందు రావచ్చు గదా! ఆయప్పకు నోరు లేదా?"

"అనింది నువ్వు. పడింది ఆయప్ప. ఎవరు ముందు పోవాల?" లావణ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "గోడవతల పెద్దనాయన దగ్గు ఇనపడితే అన్నం కలిపేది ఆపేస్తావే, నాకు తెలీదనుకుంటివా?"

నారాయణ టేపు లాగాడు, చుట్టాడు, మళ్లీ లాగాడు.

"బండలు ఎన్ని పడతాయో చూడాల," అన్నాడు చివరికి, ఎవరి ముఖమూ చూడకుండా. "ఇంటి గోడ పక్క భుజం భూమి. అది కొలిచినా. ఇంక ఎత్తు కావాల. ఆ పై మూల చూడు, ఎట్ల పక్కకు ఒరిగిపోయిందో. ఆడ్నించి లంబం దించితే అది మీ పెద్దనాయన పెరట్లో పడ్తాది. ఆ పక్క ఎవరన్నా టేపు పట్టుకోవాల."

"ఎత్తెందుకు నాయనా? మూడు భుజాలు కొలిస్తే సాలు. పదో తరగతిలో నాకు చెప్పింది నువ్వే."

"నీకు తెలీదులే. ఎత్తుంటేనే నిక్కచ్చి."

రోజూ మూలల లెక్కలు తేల్చే మనిషి అనాల్సిన మాటేనా అది? సుకన్య ఏదో అనబోయింది. సరోజమ్మ కళ్లతోనే వారించింది. "కొలవనీ తల్లీ," అంది నెమ్మదిగా.

నారాయణ పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. ఒకసారి దగ్గి, పిలిచాడు.

"అన్నా!"

అవతల కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తున్న శేషయ్య చెంబుతో అలాగే ఆగిపోయాడు. "ఏందీ?"

"ఈ కొస పట్టుకుంటావా? ఎత్తు నీ పెరట్లో పడ్తాండాది."

శేషయ్య చెంబు కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని వచ్చాడు. టేపు కొస అందుకున్నాడు. పై మూల వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు.

"మూడు భుజాలు తెలిస్తే ఎత్తుతో పనేముందిరా నారిగా? అంత చెప్పినా మర్సిపోతివా?"

"మర్సిపోలేదన్నా." నారాయణ తల ఎత్తలేదు. "గోడ కట్టిన వారానికే మూడు పక్కలూ కొలుచుకుంటి. నీ లెక్కే సరి. రెండు ముక్కలూ సమానమే. సెప్పేకి మొగం సాల్లేదు."

అరుగు మీద సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ తండ్రిది పంతమే అనుకున్న లావణ్యకు, అది సిగ్గని అప్పుడే అర్థమైంది.

శేషయ్య టేపు కొస వదల్లేదు. "తెలిసీ ఇంత కాలం ఆ గోడ ఎనకాలే కూచుంటివా, పిచ్చోడా," అన్నాడు.

"నాయనా శేషూ! ఉగ్గాని సల్లారిపోతాంది రా!" సరోజమ్మ ఏడుస్తూనే కేకేసింది.

శేషయ్య పిట్టగోడ మీద కాలు వేశాడు. మోకాలు సహకరించలేదు. నారాయణ రెండు చేతులూ చాచి, అన్నను నడుము దగ్గర పట్టుకుని ఇవతలికి దించుకున్నాడు. దించాక కూడా వదల్లేదు. కొలత ఎవరూ చూడకుండానే టేపు సర్రున చుట్టుకుపోయింది.