వేలిముద్రలు

పొయ్యి మీద పచ్చి అరటికాయలు ఉడుకుతున్నాయి. ఎర్సీలియా ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె శాశ్వత నివాసం కార్డు గడువు వచ్చే నెలతో సరి. కొత్త కార్డు కావాలంటే రేపు ఉదయం వచ్చి వేలిముద్రలు ఇవ్వాలని ఇమిగ్రేషన్ ఆఫీసు ఉత్తరం రాసింది.

“రేపు రాలేనే. కడుపులో నొప్పి.”

కూతురు యుడెల్కా కాఫీ కప్పు దించింది. “పోయిన వారం నడుము, ఇవాళ కడుపు. రేపు జుట్టు నొప్పి అంటావా? ఒకసారి తేదీ మార్పించాను కదమ్మా!”

“ముసలిదాన్ని. నాకెందుకే ఆ కార్డు?”

“అది లేకపోతే నీకు పనెవరిస్తారు?”

ఎర్సీలియా చేతులు రెండూ ఏప్రన్‌లో చుట్టుకుంది. కూతురు అది చూడనే చూసింది.

“ఏం దాస్తున్నావు? అమ్మమ్మ పోయినప్పుడూ ఇంతే. పనిలో సెలవివ్వలేదన్నావు. పదహారేళ్లదాన్ని, ఒక్కదాన్నే విమానం ఎక్కించావు. బానీలో మన ఊరు ఊరంతా నన్నే అడిగింది, మీ అమ్మకి గుండె ఉందా అని!”

ఎర్సీలియా పొయ్యి కట్టేసింది. “నన్ను పోలీసులు పట్టుకెళ్లారు,” అంది మెల్లగా. “నీకు నాలుగేళ్లప్పుడు. డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రీ షాపులో ఒకావిడ మెషిన్లోంచి మన తడిబట్టలు తీసి నేల మీద పారేసింది. నీ చర్చి గౌను కూడా. జుట్లు పట్టుకున్నాం. ఇద్దరికీ బేడీలు వేశారు. వేలిముద్రలు తీసుకున్నారు.”

“బట్టల కోసమా!” యుడెల్కా నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

“జడ్జి కేసు కొట్టేశాడు. కానీ ఆ ముద్రలు చెరగవట. దేశం దాటితే మళ్లీ రానివ్వరట. నోరెత్తకు అన్నాడు నోటరీ.”

“ఏ నోటరీ? వీధి చివర కాగితాల మీద స్టాంపులు కొట్టేవాడా? వాడు లాయరు కాదమ్మా!”

పుట్టిన దేశంలో, బానీలో, నోటరీ అంటే చదువుకున్న లాయరే. ఇక్కడ బ్రాంక్స్‌లో మాత్రం స్టాంపు కొనుక్కున్న ప్రతివాడూ నోటరీయే. ఆ తేడా ఎర్సీలియాకు చెప్పినవారు లేరు.

మధ్యాహ్నం చర్చి హాల్లో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరకు వెళ్లారు. ఎర్సీలియా పాత కోర్టు కాగితాన్ని బల్ల మీద పెట్టి, తీర్పు వినబోయేదానిలా నిలబడే ఉంది.

“కూర్చోండి. ఇంకెప్పుడైనా అరెస్టయ్యారా?”

“లేదమ్మా. దేవుడి తోడు.”

“వేలిముద్రలిస్తే ఈ అరెస్టు కనబడుతుంది, నిజమే. కానీ కేసు కొట్టేశారు. ఇదొక్కటే అయితే కార్డు ఆగదు. ఎవరైనా అడిగితే దాచకండి. కోర్టు నుంచి ధ్రువీకరించిన నకలు తెచ్చుకుని వెంట ఉంచుకోండి.”

“మరి... మా అమ్మ పోయినప్పుడు దేశం దాటి ఉంటే?”

“ఈ కాగితం చూపించి అప్పుడైనా వెళ్లి రాగలిగేవారే.”

ఎర్సీలియా తల ఊపింది. కృతజ్ఞతలు చెప్పింది. బయట మెట్ల మీదకు రాగానే అక్కడే కూర్చుంది. ఇన్నేళ్ల భయం పోయిన చోట ఏముందో అప్పుడు తెలిసింది. అమ్మ పోయినప్పుడు తను వెళ్లగలిగి ఉండేది.

“నాకు చెప్పొచ్చుగా అమ్మా,” అంటూ యుడెల్కా పక్కన కూర్చుంది. “గుండె లేదని నేనూ అనుకున్నాను.”

ఎర్సీలియా కూతురి చెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్లుగా అడగడానికి తనకు హక్కు లేదనుకున్న మాట అడిగింది.

“పెట్టెలో పడుకోబెట్టినప్పుడు మా అమ్మకి ఏ గౌను తొడిగారే?”

“నీలంది. తెల్ల గుండీలది.”

“ఇంకా?” అంది ఎర్సీలియా. “మొదటి నుంచీ చెప్పు.”