రెండు దీపాల జల్లెడ

"మీ ట్యూన్ అద్భుతం మాస్టారూ! మా ప్లేలిస్టులో పెడితే నెల తిరిగేసరికి లక్షల మంది వింటారు, గ్యారంటీ. కాకపోతే సాయంత్రం లోపల చెప్పెయ్యాలి" అంటోంది ఫోన్లో గొంతు.

బల్ల మీది జల్లెడలో ఎర్రదీపం వెలిగింది. దాని పక్కనున్న పచ్చదీపం వెలగలేదు.

"ఫోన్ పెట్టెయ్యండి" అంది డాక్టర్ హైమవతి.

నాగూర్ వలీ ఫోన్ పెట్టేశాడు. పొద్దున్నుంచీ ఇలాంటివి ఎన్నొచ్చాయో లెక్కపెట్టే ఓపిక కూడా ఆయనకు లేదు. ఊరక రారు మహానుభావులని పెద్దలు ఊరికే అన్నారా!

పాటల కంపెనీలు మూతపడి, ఎవరి పాటను వాళ్లే నెట్‌లోకి వదులుకునే కాలం అది. పాట కట్టేవాళ్ల కంటే వాళ్లను ముంచేవాళ్లే ఎక్కువైపోయారు. శ్రోతలను కొనిపెడతామని ఒకడు వస్తాడు. ఆ శ్రోతలు మనుషులు కారు, యంత్రాలు. సంగతి బయటపడితే పాటనే తీసేస్తారు. విదేశంలో కచేరీ అని ముందే రుసుము గుంజేవాడు ఇంకొకడు. వీళ్లందరి కంటే ప్రమాదం, పాట మీద హక్కులన్నీ శాశ్వతంగా రాయించుకుపోయేవాడు. అరచేతిలో వైకుంఠం చూపించడంలో ఎవరికి వారే సాటి.

వీళ్లను ఏరిపారెయ్యడానికే హైమవతి జల్లెడను తయారుచేసింది. సబ్బుపెట్టెంత యంత్రం. ఫోన్‌కి తగిలిస్తే అవతలివాళ్ల మాటలు వింటుంది. తొందరపెట్టడం, గ్యారంటీ ఇవ్వడం, ముందు నువ్వు డబ్బు కట్టు అనడం, అన్నీ పసిగట్టి, మోసమైతే ఎర్రదీపం వెలిగిస్తుంది. పచ్చదీపం కథ వేరు. పాటను నిజంగా విన్న మనిషి దాని గురించి మాట్లాడితే, తనకు తెలియకుండానే ఆ లయ మాటల్లోకి దిగుతుంది. మన చెవికి అందదు కానీ జల్లెడకు అందుతుంది. అప్పుడు పచ్చ వెలుగుతుంది.

"పొగిడేవాడు అసలు విన్నాడో లేదో ముందు చూడాలి కదండీ" అనేది హైమవతి.

ఊరూరా ఈ ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్లలో ఒకడైన వలీ గుంటూరు బ్యాండుమేళంలో క్లారినెట్ మాస్టారు. జీవితమంతా ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు సినిమా పాటలే వాయించాడు. సొంతంగా కట్టింది ఒకే ఒక్కటి. పెళ్లిలో అందరూ తిని చేతులు కడుక్కున్నాక, చల్లారిన సాంబారుతో మేళంవాళ్లు కూర్చునే ఆఖరి పంక్తి మీద కట్టాడు. పేరు కూడా అదే పెట్టాడు. ఆయనకు ఆస్తి అన్నా బిడ్డ అన్నా ఆ ట్యూనే.

జల్లెడ వచ్చాక మోసాలు ఆగాయి గానీ, మనశ్శాంతి పోయింది. సొంత బావమరిది ఫోన్ చేసి "అదిరింది బావా" అన్నాడు. పచ్చ వెలగలేదు. కళాపరిషత్తు అధ్యక్షుడు పావుగంట పొగిడాడు. ఆయన మోసగాడు కాదు పాపం, ఎర్ర వెలగలేదు. పచ్చా వెలగలేదు. ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నమాట అనుకుంటే వలీకి ఒళ్లంతా నీరసం వచ్చింది.

ఆరోజు మధ్యాహ్నం మళ్లీ ఫోన్ మోగింది. ఎవరో కుర్ర గొంతు.

"మాస్టారూ, మధ్యలో ఒకచోట ఊపిరి ఆపేస్తారు చూడండి. వడ్డించేవాడు మిమ్మల్ని చూడకుండా దాటిపోయినట్టుంటుంది అక్కడ."

వలీ జల్లెడ కేసి వంగాడు. పచ్చదీపం వెలిగింది.

"హక్కులు మా పేర రాసిస్తే ప్రపంచమంతా వినిపిస్తాం" అన్నాడు ఆ కుర్రాడు. వెంటనే ఎర్రదీ వెలిగింది.

హైమవతి పెట్టెయ్యమని సైగ చేసింది. వలీ చూడనట్టే ఊరుకున్నాడు.

"ఎర్రదీపం వెలుగుతోంది బాబూ. నిజం చెప్పు. ఎందుకు విన్నావు?"

అవతల నిట్టూర్పు వినిపించింది. "ఈ జల్లెడలొచ్చాక వినకుండా ఫోన్ చేస్తే దొరికిపోతున్నాం మాస్టారూ. పొద్దస్తమానం పాటలు వినడమే మా పని. మీది మొదట డ్యూటీకే విన్నా. తర్వాత ఇంటికెళ్లి మళ్లీ విన్నా."

పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

పూర్తిగా విన్నవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదని మేళంవాళ్లకు పాత పట్టింపు. ఫోన్లోకి వచ్చిన ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యబోయాడు వలీ.

"అయ్యో, ఆగండి!" అంది హైమవతి. "అది వేస్తే మీ పాట మీరే వాయించకూడదు. వీధిలో ప్రతి స్తంభానికీ పాటల్ని పసిగట్టే మైకులున్నాయి. వాయించిన మరుక్షణం జరిమానా పడుతుంది!"

"తెలుసమ్మా" అన్నాడు వలీ. వేలిముద్ర వేసేశాడు.

ఫోన్ కట్టయింది. హైమవతి కుర్చీలో కూలబడింది.

"ఇన్నేళ్ల నా కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ఎర్రదీపం కనపడలేదా వలీ గారూ?"

"కనపడిందమ్మా. పచ్చదీ కనపడింది. నా జన్మలో మొదటిసారి."

ఆయన ముఖంలో బాధేమీ లేదు. అలసట మాత్రం ఉంది. అంతగా ఆ పాటలో ఏముందోనని ఆమెకు మనసు పీకింది.

"మీరు విన్నారా అమ్మా?" అని అడిగాడు వలీ, ఆమె మనసు చదివినట్టు.

"యంత్రం పనిలో పడి... తీరిక కాలేదండీ." సిగ్గుతో తల వంచుకుంది. "ఒక్కసారి వాయించండి. ఇప్పుడే వింటాను."

వలీ క్లారినెట్ తీశాడు. పెదవుల దాకా తెచ్చి, కిటికీ అవతల వీధిస్తంభం కేసి చూసి, మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"పొద్దున అడిగుంటే వాయించేవాణ్ణమ్మా. ఇప్పుడు వాళ్ల పర్మిషన్ కావాలి."