కాలువ గట్టున మూడు రూపాయల ఇల్లు

ఏలూరులో కృష్ణా కాలువ గట్టున ఒక పెంకుటిల్లు ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవారు కారు. రోడ్డుకి అవతలి వైపు బురద ఉన్నా సరే, బురదలోనే నడిచేవారు.

అందులో అద్దెకి దిగినవాళ్ళు నాలుగో రాత్రి చూడలేదని చెప్పుకునేవారు. ఒక కోర్టు అమీనాగారు మూడో రాత్రే పరుగందుకున్నారట. చేతికర్ర అక్కడే మరిచిపోయారు. దాన్ని తెచ్చేందుకు ఎవరూ ఒప్పుకోక, చివరికి కొత్త కర్ర కొనుక్కున్నారట.

ఇంతకీ అక్కడ జరిగేదేమిటంటే — ఊరు సద్దుమణిగాక… నేల కింద నుంచి తడతారు.

టక్… టక్… టక్.

మూడంటే మూడే సార్లు. లోపలికి రావచ్చా అని ఎవరో మర్యాదగా అడిగినట్టు. కాకపోతే ఆ చప్పుడు తలుపు దగ్గర నుంచి కాదు… మంచం కింద నుంచి.

తట్టేది పడవ మునిగి చనిపోయిన సరంగు పెళ్ళామని కొందరు, పూర్వం అక్కడ ధాన్యం కొట్టు నడిపిన ముసలాయనని కొందరు అనేవారు. నేను విచారించినంతలో రెంటికీ ఆధారం లేదు. ఈ సంగతి నాకు చెప్పినది మండవల్లి మిషన్ బడి మేష్టారు జ్ఞానయ్యగారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అదే ఈ కథలో వచ్చిన చిక్కంతా. పిల్లలకి చదివి వినిపించేవారికి ముందే మనవి చేస్తున్నాను — కుర్రాడు క్షేమం. రాత్రి పూట నిర్భయంగా చదవవచ్చు.

జ్ఞానయ్యగారి కొడుకు తోమా స్కూల్ ఫైనల్ చదవడానికి ఏలూరు వచ్చాడు. అది ముప్పై నాలుగో సంవత్సరం. మిల్లువాళ్ళూ, రైల్వేవాళ్ళూ, కచేరీ గుమాస్తాలూ, నాలుగు తాలూకాల నుంచి వచ్చిన విద్యార్థులూ — అందరూ ఒక్కసారే గదులు వెతుక్కుంటున్న రోజులు. గొడ్ల చావిడికి సున్నం కొట్టి కిటికీ పెట్టి, దానికి ఎనిమిది రూపాయలు అడుగుతున్నారు. జ్ఞానయ్యగారు కొడుక్కి గది కోసం నెలకి ఇవ్వగలిగింది మూడు.

మిషన్ బోర్డింగులో మంచాలు నిండిపోయాయి. వీధి వీధీ తిరిగితే, ఇంటివాళ్ళు ఊరు అడిగేవారు, తండ్రి పేరు అడిగేవారు, ఏ చర్చి అని అడిగేవారు. చివరికి, "అయ్యో, నిన్ననే ఇచ్చేశామండీ," అనేవారు. టులెట్ బోర్డు వాళ్ళ తల వెనకే వేలాడుతూ ఉండేది.

పదకొండో రోజున తోమా బియ్యం వర్తకుడు శ్రీరంగనాయకులుగారి కొట్టు మెట్లెక్కాడు.

"మూడు రూపాయలకి గదెక్కడిది నాయనా? ఇల్లుంది," అన్నారాయన.

"ఇల్లే?"

"ఇల్లే. వెనక బావి కూడా ఉంది. ఒక అమీనాగారి చేతికర్ర కూడా ఉంది. కానీ…" ఆయన గొంతు తగ్గించారు. "నీకు నిద్ర గట్టిదేనా?"

మొదటి రాత్రి తోమా దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. పది దాటాక —

టక్… టక్… టక్.

లేచి పారిపోదామనుకున్నాడు. ఎక్కడికి? గొడ్ల చావిడి ఎనిమిది రూపాయలు!

అలా పడుకునే విన్నాడు. కాసేపటికి మళ్ళీ టక్… టక్… టక్. ఈసారి దాని వెనకే నీళ్ళ చప్పుడు వినిపించింది.

తోమా కొల్లేటి ఒడ్డున పుట్టినవాడు. వానాకాలంలో గుమ్మం కిందకి నీళ్ళొస్తే పాకలో ఏ కర్ర ఎలా కదులుతుందో నిద్రలో కూడా చెప్పగలడు. లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూశాడు. ఇంటి కింద నుంచి కాలువలోకి పాతకాలపు తూము ఒకటి ఉంది. దాని మూతికి చెక్క తలుపు. పడవ వెళ్ళినప్పుడల్లా అల వచ్చి ఆ తలుపుని కొడుతోంది. మూడు అలలు, మూడు దెబ్బలు.

పట్నంవాళ్ళు అన్నేళ్ళూ దీనికి భయపడి బురదలో నడిచారు!

తోమా నవ్వుకుంటూ పడుకున్నాడు. కానీ నవ్వు పూర్తవకముందే ఒక ఆలోచన వచ్చింది. ఈ సంగతి బయట పడితే దెయ్యం పోతుంది. దెయ్యం పోతే అద్దె పెరుగుతుంది.

నోరు మూసుకున్నాడు.

తొమ్మిది నెలలు అలాగే గడిచాయి. వీధిలో ఎవరైనా, "ఎలా ఉంటున్నావయ్యా అందులో?" అని గుసగుసగా అడిగితే, "ఏదో అండీ… ప్రార్థన చేసుకుంటూ…" అనేవాడు. అదీ నిజమే. లెక్కల్లో గట్టెక్కించమని రోజూ ప్రార్థన చేసుకునేవాడు.

ఏప్రిల్లో పరీక్షలు వారం రోజులున్నాయనగా ఇంటికి ఉత్తరం రాస్తూ, నాన్నగారు బెంగ పెట్టుకుంటారేమోనని, తూము సంగతి మొత్తం రాసేశాడు.

ఉత్తరం అందిన మర్నాడే జ్ఞానయ్యగారు బయల్దేరారు. గుడివాడలో ఒక రైలు, బెజవాడలో ఒక రైలు మారి, క్వినైన్ మాత్రలూ, గొంగళీ, ఎండు చేపల మూటా పట్టుకుని పొద్దుగుంకే వేళకి ఏలూరులో దిగారు. కొడుకు దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా బియ్యం కొట్టుకి వెళ్ళారు.

"మీ ఇంట్లో దెయ్యం లేదండీ," అన్నారు.

నాయకులుగారు చేతిలో తక్కెడ దించేశారు. "లేదా అండీ?"

"లేదండీ. తూము తలుపండీ అది. పడవలొచ్చినప్పుడు కొట్టుకుంటుంది. మావాడికి తెలిసి తొమ్మిది నెలలైంది. మీకు చెప్పలేదు. తప్పు మాదేనండీ."

నాయకులుగారి కళ్ళు చెమర్చాయి. "మేష్టారూ… మీలాంటివారు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ! ఎంత మంచి మాట చెప్పారండీ! రేపటి నుంచి పన్నెండు రూపాయలండీ."

"పరీక్షలు సోమవారం నుంచేనండీ. అయ్యేదాకా…"

"రైల్వే గుమాస్తాగారు ఏడాదిగా అడుగుతున్నారండీ. దెయ్యం లేదని తెలిస్తే రేపు పొద్దున్నే సామాను బండితో దిగిపోతారు. ఇప్పుడే కబురు పంపుతాను. మీరు కాఫీ తీసుకుంటారా అండీ?"

జ్ఞానయ్యగారు కాఫీ తీసుకోలేదు.

ఇంటికొచ్చి చెప్తే, తోమా పుస్తకం మూసేశాడు.

"చెప్పేశారా?"

"చెప్పేశాను. పాలు తాగుతున్నావా? నీళ్ళు కాచుకుంటున్నావా?"

"ఆ నిజమేదో పరీక్షలయ్యాక చెప్పకూడదా నాన్నగారూ? నిజం ఎక్కడికి పోతుంది?"

"నిజం ఎక్కడికీ పోదురా."

"అవును. మనమే పోతాం. రేపు పొద్దున్న."

జ్ఞానయ్యగారు ఊళ్ళో తనకి తెలిసిన నాలుగు ఇళ్ళూ తలుచుకున్నారు. ఏ ఇంట్లోనూ కుర్రాడు కూర్చుని చదువుకునే చోటు లేదు. రైల్లో వెనక్కి తీసుకెళ్తే ఏడాది పోతుంది. మళ్ళీ ఏడాదికి ఫీజు కట్టే శక్తి తనకి లేదు.

రాత్రయింది. తోమా మంచం మీద, తండ్రి చాప మీద.

టక్… టక్… టక్.

"పడవ," అనుకున్నారు జ్ఞానయ్యగారు.

కాసేపటికి మళ్ళీ టక్… టక్… టక్.

"బాగానే తిరుగుతున్నాయి పడవలు," అనుకున్నారు.

మూడోసారి వినబడేసరికి, నిద్ర ఎలాగూ రావడం లేదు కదా అని లేచి, లాంతరు వత్తి పెంచి, పెరటి తలుపు తీశారు. నిజానికి ఆయన చూడదలచుకున్నది దెయ్యాన్ని కాదు. తాను చెప్పింది అక్షరాలా నిజమని ఒక్కసారి కళ్ళతో చూసుకుంటే మనసు కుదుటపడుతుందని.

గట్టు మీద నిలబడి లాంతరు ఎత్తారు.

కాలువలో… నీళ్ళు లేవు.

నల్లటి బురద. ఒక పక్కకి ఒరిగిపోయిన పడవ. కప్పలు. ఎండాకాలం మరమ్మతులకని కాలువలు కట్టేసి రెండు రోజులైంది. రైల్లో వచ్చిన మనిషికీ, పుస్తకంలోంచి తల ఎత్తని కుర్రాడికీ ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

జ్ఞానయ్యగారు మెల్లగా కిందకి దిగారు. ఇలాంటప్పుడు కూడా ఆయన పరీక్షించకుండా ఊరుకోరు. తూము తలుపు సగం దాకా బురదలో కూరుకుపోయి ఉంది. పట్టుకుని లాగారు. కదల్లేదు. రెండు చేతులతో లాగారు. కదల్లేదు.

అప్పుడు… వెనక నుంచి… ఇంట్లోంచి —

టక్… టక్… టక్.

గట్టు ఎలా ఎక్కారో ఆయనకి గుర్తు లేదు. ఒక చెప్పు మాత్రం బురదలోనే ఉండిపోయింది.

ఇంట్లో తోమా నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కొంపదీసి వీడే కొడుతున్నాడా అని లాంతరు పెట్టి చూశారు. రెండు చేతులూ, రెండు కాళ్ళూ దుప్పటి మీదే ఉన్నాయి. వాటి కిందే… గచ్చు కిందే…

టక్… టక్… టక్.

తోమా నిద్రలో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు.

ఆ ఒత్తిగిల్లడం చూసేసరికి జ్ఞానయ్యగారికి భయం పోయి మరో భయం పట్టుకుంది. పిల్లాడి నిద్ర చెడుతోంది. పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఆయన నేల మీద మోకరించి, గచ్చుకి నోరు దగ్గర పెట్టి, గుసగుసగా అన్నారు —

"ఏవండీ…"

చప్పుడు లేదు.

"మీరెవరో నాకు తెలియదండీ. సాయంత్రం మీరు లేరని చెప్పి వచ్చాను. నాకు తెలిసినంతలో చెప్పాను. క్షమించాలి."

…టక్. ఒక్కసారే. మెత్తగా.

జ్ఞానయ్యగారు లాంతరు కింద పెట్టి చేతులు జోడించారు.

"పిల్లాడికి సోమవారం నుంచి పరీక్షలండీ. రాత్రి పూట కాస్త… తమరు దయచేసి…"

చప్పుడు లేదు. కాలువలో కప్పలు కూడా ఊరుకున్నాయి.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆయన తండ్రి.

"మీకు శ్రమ లేకపోతేనే సుమండీ… తెల్లవారుజామున నాలుగింటికి వీణ్ణి లేపగలరా? ఎంత పిలిచినా లేవడండీ. నేను బడి మానుకుని ఇక్కడ ఉండలేను. ఇక్కడ లేపేవాళ్ళెవరూ లేరు."

చెవి గచ్చుకి ఆనించి విన్నారు.

జ్ఞానయ్యగారు కీర్తనలు ఒకదాని తర్వాత ఒకటి మనసులో చెప్పుకుంటూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. పన్నెండు. ఒంటిగంట. రెండు. మూడు. దూరాన కచేరీలో గంట కొడుతూనే ఉంది. నేల మాత్రం పలకలేదు. అంతా నా భ్రమేమో అనుకున్నారు.

కచేరీలో నాలుగు కొట్టారు.

టక్! టక్! టక్!

అది రాత్రి కొట్టిన దెబ్బ కాదు. తోమా మంచం కోడు ఎగిరిపడింది.

"లేచానండీ! లేచానండీ!" అంటూ కుర్రాడు కళ్ళు తెరవకుండానే ఆల్జీబ్రా అందుకున్నాడు.

పొద్దున్న జ్ఞానయ్యగారు ఒంటి చెప్పుతో బియ్యం కొట్టుకి వెళ్ళేసరికి, సామాను బండి మీద రైల్వే గుమాస్తాగారు అక్కడే ఉన్నారు. నాయకులుగారు తాళం చెవి కోసం చెయ్యి చాపారు.

"నాయకులుగారూ, నిన్న నేను చెప్పింది పొరపాటండీ," అన్నారు జ్ఞానయ్యగారు. "ఉన్నారండీ."

గుమాస్తాగారు బండి దిగకుండానే ఎద్దుల్ని వెనక్కి తిప్పించారు. సందు మలుపు దాకా మూకుళ్ళు గలగలలాడుతూ వినిపించాయి.

నాయకులుగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని బస్తా మీద కూలబడ్డారు.

"ఇదేం నిజాయితీ అండీ బాబూ! రాత్రికి లేరంటారు, పొద్దున్నకి ఉన్నారంటారు!"

"రెండూ నాకు తెలిసినంతలో చెప్పానండీ. ఇదిగోండి, ఈ నెల మూడు రూపాయలూ."

నాయకులుగారు రూపాయలు అందుకుని, ఆయన మొహంలోకి వింతగా చూశారు.

"మరి ఉన్నారని తెలిసి కూడా పిల్లాణ్ణి అందులో ఎలా వదిలి వెళ్తారండీ మేష్టారూ?"

జ్ఞానయ్యగారు కండువా సర్దుకున్నారు.

"ఇప్పుడే నిశ్చింతగా వదిలి వెళ్తానండీ. ఇన్నాళ్ళూ వాడొక్కడే ఉంటున్నాడని వాళ్ళమ్మ దిగులు పెట్టుకుందండీ."