కదిరన్న తలలోని కబురు పడవలు

గువ్వలదిన్నె రాజ్యానికి శత్రువుల భయం లేదు. ఉన్న బెడదంతా పిట్టలది. జొన్న కంకి పాలు పట్టిందంటే చాలు, గుంపులుగా దిగి చేనంతా ఊడ్చేసేవి. అందుకే రాజుగారి చేలల్లో మంచెలు వేసి, వడిసెల రాళ్ళతో పిట్టలను తోలడానికి పిల్లలను కావలి పెట్టేవారు.

ఆ పిల్లల్లో కదిరన్న ఒకడు. తల్లీతండ్రీ లేరు. అక్క ఓబులమ్మే పెంచింది. వాడు మంచె ఎక్కి రాయి విసురుతూనే తొండను చూసి దిగేవాడు. తొండ వెంట పోతూ పోతూ మబ్బును చూసి నిలబడిపోయేవాడు. ఈలోగా పిట్టలు చేను తినిపోయేవి. "పొగరు," అన్నారు కొందరు. "దయ్యం," అన్నారు ఇంకొందరు. "రెండు తగిలిస్తే దారికొస్తాడు," అని మాత్రం అందరూ అన్నారు. చెప్పేవాళ్ళకేం, నోరు నొయ్యదు కదా! తగిలించడమూ అయింది, వేపమండలతో దిగదుడవడమూ అయింది. వాడి వీపు వాచింది తప్ప చేను మిగల్లేదు.

చివరికి రాజు భైరవభూపతి తీర్పు చెప్పాడు: "ఈసారి కంకి పాలు పట్టాక వాడు కాసే చేను పిట్టల పాలైతే, వాడిని పొలిమేర దాటించండి."

ఇది ఎవరో పెట్టిన శాపమేనని అక్కకు తోచింది. ఆలోగా దాన్ని విడిపించాలి. ఓబులమ్మ తమ్ముడి నడుముకు తన కొంగు ముడేసి, నల్లకొండ మీది సిద్ధుడి కోసం అడవిదారి పట్టింది. వాడి వెనక పరుగెత్తీ పరుగెత్తీ ఆమె కాళ్ళలో సత్తువ ఎప్పుడో పోయింది. అయినా నడిచింది.

మొదట నిద్రమడుగు అడ్డొచ్చింది. దాని గాలి సోకితే ఏనుగులైనా ఒరిగిపోతాయి, మళ్ళీ లేవవు. ఓబులమ్మకూ కళ్ళు మూతలు పడ్డాయి. కానీ ఒకచోట నిలవని కదిరన్నను ఆ నిద్ర పట్టుకోలేకపోయింది. తూనీగ కనబడ్డప్పుడల్లా వాడు కొంగు లాగాడు. లాగినప్పుడల్లా "ఒరే, యాడికిరా?" అని ఆమె ఉలిక్కిపడి లేచింది. ఏళ్ళ అలవాటు మరి! అలాగే మడుగు దాటారు.

లోయలో రాక్షసి ఎదురైంది. "ఏమే పిల్లా, బాగా అలసిపోయావు. వాడిని నాకిచ్చి పో. హాయిగా నిద్రపోతావు."

ఓబులమ్మ వెంటనే కాదనలేకపోయింది. ఆ మాట ఆమెకు తియ్యగానే వినబడింది. ఈలోగా కదిరన్న ముందుకొచ్చి, "అవ్వా, పడుకునేటప్పుడు ఆ కోరలు తీసి పెట్టుకుంటావా? గుచ్చుకోవూ?" అని అడిగాడు.

ఓబులమ్మకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది. "విసిగిపోయినాను తల్లీ, నిజమే. కానీ వీడిని ఇయ్యను. తినేదుంటే ఇద్దరినీ తిను," అంది ముడి బిగిస్తూ.

"విసుగే లేదని బొంకేవాళ్ళనే నేను తినేది. పో!" అని రాక్షసి పక్కకు జరిగింది.

కొండ మీద సిద్ధుడు, "శాపముందో లేదో లోపలికి పోయి నువ్వే చూడు," అని ఆమె మీద చిటికెడు విభూతి చల్లాడు. ఓబులమ్మ ఆవగింజకన్నా చిన్నదై, తమ్ముడి చెవిలోంచి తలలోకి దిగింది. లోపల ఒక ఊరు, ఊరి మధ్యన సన్నని కాలువ. "చేస్తున్న పని విడవొద్దు" అనే కబురును చిట్టి పడవలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోస్తున్నాయి. సగం దూరం పోయాయో లేదో, ఈ గట్టువాళ్ళు తాళ్ళు పట్టి వెనక్కి లాగేస్తున్నారు. ఆ గట్టున జనం చేతులు చాచి నిలబడే ఉన్నారు.

"ఏమన్నా, కబురు చేరనివ్వరా? మీకు ఎవురు శాపం పెట్టినారు?" అని అరిచింది.

"శాపం లేదు, దయ్యం లేదు తల్లీ. పుట్టినప్పటి నుంచీ మా చేతులకు తొందరెక్కువ. ఇందులో పిల్లోడి తప్పేముంది?" అన్నాడు తాడు పట్టిన ముసలాయన.

ఎన్ని దెబ్బలు ఊరికే తిన్నాడో అనుకుంటూ ఓబులమ్మ ఆ గట్టు మీదే కూలబడింది.

బయటికొచ్చాక సిద్ధుడు వెండిచార ఆకు తీగ ఇచ్చాడు. "దీని రసం తాళ్ళ పట్టు సడలిస్తుంది. పొద్దున పోస్తే పొద్దుగూకేదాకా. మర్నాడు మళ్ళీ పొయ్యాలి."

"ఒక్కసారితో పోయే మందు లేదా సామీ?"

"ఉందని ఎవడన్నా అమ్మజూపితే దూరం జరుగు. ఇంకో మాట, ఆకొక్కటే చాలదు. పనిని ముక్కలు చేసి ఇయ్యి."

ఓబులమ్మ అలాగే చేసింది. "రేగుచెట్టు దాకా చూసి కేక పెట్టు. ఆనక గట్టు దాకా." కొన్ని రోజులు వాడు తొండ వెంటే పోయాడు. కొట్టకుండా పిలుచుకొచ్చింది.

కంకి పాలు పట్టాక రాజే స్వయంగా చేను చూడవచ్చాడు. "ఎవడ్రా మంచె మీద?" అని భటుడు గద్దించాడు.

కదిరన్న వడిసెల ఆపకుండానే వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "అరవగాకండి దొరా. మా అక్క నిద్దరపోతాంది."

చేను నిండా కంకులు బరువుగా వంగి ఉన్నాయి. ఆమె లేచాక ఆ చేను అక్కాతమ్ముళ్ళ సొంతమైంది, పిల్లల మీద బెత్తం ఎత్తరాదని దండోరా పడింది. అంతదాకా మాత్రం, పాఠానికి నిలవక రోజూ దెబ్బలు తినే తన చిన్నకొడుక్కి, ఊరంతా చెప్పుకుంటున్న ఆ ఆకు అడగాలని, రాజు ఎండలో గట్టు మీద కూర్చుని ఎదురుచూశాడు.