కాలీడ్చే షెడ్డు

బాపట్ల దాటి పొన్నూరు రోడ్డెక్కే ముందు, కాలవ పక్కన పాత అద్దకం షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. అక్కడ పనిచేసే కోటయ్య కరెంటు షాకు కొట్టి పోయాడు. కుంటికాలు మనిషి. అప్పటినుంచి షెడ్డు మూతపడే ఉంది. కానీ కోటయ్య మాత్రం వెళ్లలేదంటారు. రాత్రిళ్లు లోపల ఎవరో కాలీడ్చుకుంటూ నడుస్తారట.

జర్‌ర్‌ర్... కాస్త ఆగి... జర్‌ర్‌ర్...

తెనాలి అబ్దుల్లా ఆ చప్పుడు చెవులారా విన్నాడు. లోపలికి కూడా వెళ్లాడు. ఆ సంగతి ఆ వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అబ్దుల్లా ఇనుప రోలర్లకు రబ్బరు తొడుగు వేసేవాడు. రంగులో ముంచిన బట్టను పిండే మిషన్లకి రెండేసి రోలర్లుంటాయి. వాటి రబ్బరు మరీ మెత్తనైతే సొట్టపడుతుంది, బట్టని సరిగా పిండదు. మరీ గట్టిదైతే బట్ట జారి నలుగుతుంది. ఏ పనికి ఎంత గట్టిదనం కావాలో అంతే ఉండాలి. ఆ లెక్క తప్పడమంటే అబ్దుల్లాకి అబద్ధమాడినట్టే. తయారైన ప్రతి రోలరు ఇరుసు చివరా మూడు చుక్కల ముద్ర కొట్టేవాడు. తండ్రి చేయించిన ఉక్కు ముద్ర అది. వాళ్లింట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ రోజు ఈపురుపాలెం నుంచి జకరయ్య కబురు చేశాడు. అక్కడ ఇంకో అద్దకం షెడ్డు నడుపుతాడు, అబ్దుల్లాకి పాత ఖాతాదారు. వెళ్లేసరికి నేలంతా చీరలు పరిచి ఉన్నాయి. ప్రతి చీరకీ అడ్డంగా, మూరకొకటి చొప్పున, ముదురు చారలు.

"రాత్రి మావాళ్లు రోలర్లు విడదీయడం మరిచారు," అన్నాడు జకరయ్య.

పని దిగేముందు మరలు వదులు చేసి రోలర్లను విడదీయాలి. బిగించి వదిలేస్తే ఒకదాన్నొకటి నొక్కుకుని రబ్బరు సొట్టపోతుంది.

"అయితే తప్పు మీవాళ్లదే కదండి."

"మావాళ్లు నెలకోసారైనా మరుస్తారు. ఇన్నేళ్లలో మీ రబ్బరు చెక్కు చెదరలేదు. ఇప్పుడేంటి భాయ్, ఇడ్లీలు పోస్తున్నారా?"

పనివాళ్లు కిసుక్కున నవ్వారు.

అబ్దుల్లా రోలరు మీద బొటనవేలు నొక్కాడు. దిగింది. "ఇది నా రబ్బరు కాదండి," అన్నాడు.

జకరయ్య ఇరుసు చివర చూపించాడు. మూడు చుక్కలు.

"రబ్బరులో నూనె కలిపి సాగదీశారు భాయ్. పోయిన చీరలు పోయాయి. ఇక మీ ముద్ర చూసి మాత్రం నేను సరుకు తీసుకోను. చీరాల దాకా అందరికీ ఇదే చెప్తా."

అబ్దుల్లా తల దించుకుని బయటికొచ్చాడు. మేనల్లుడు ఫరూక్‌కి ఫోన్ చేశాడు. వాడు చెల్లెలు నూర్ బీ కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే అబ్దుల్లా పెంచి, పని నేర్పాడు. ఇప్పుడు ఈ వైపు పాత రోలర్లు తేవడం, కొత్త తొడుగు వేసినవి అందించడం వాడి పనే.

"ఎక్కడున్నావురా?"

"రేపల్లెలో మామూ. రైస్ మిల్లులో పని. రాత్రికి ఇక్కడే పడుకుంటా." పెట్టేయబోతూ అన్నాడు, "మామూ... చీకటి పడింది. ఆ షెడ్డు దారిన పోవద్దు. చుట్టయినా చెరుకుపల్లి మీదుగా పో."

కన్నకొడుకు కూడా ఇంత జాగ్రత్త చెప్పడనుకున్నాడు అబ్దుల్లా. కానీ మనసు బాగాలేదు. త్వరగా ఇల్లు చేరాలనిపించింది. బండి మీద దగ్గరి దారే పట్టాడు.

షెడ్డు దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద మనిషి లేడు. కాలవ గట్టున కప్పలు కూడా అరవడం లేదు. అప్పుడు వినబడింది —

జర్‌ర్‌ర్... కాస్త ఆగి... జర్‌ర్‌ర్...

బండి ఆపేశాడు. పెదాల మీద దువా కదిలింది. పారిపోదామనుకున్నాడు. చెవి మాత్రం ఆ చప్పుడుని వదల్లేదు.

కుంటివాడి అడుగు ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. ఈ చప్పుడుకి ఆ తేడా లేదు. తిరిగే దేనికో ఉన్న లయ అది.

గాలి ఇటు మళ్లింది. రబ్బరు వాసన.

అబ్దుల్లా తలుపు సందులోంచి చూశాడు. లోపల గుడ్డి దీపం. లేతు మిషను మీద ఒక రోలరు తిరుగుతోంది. దానికి సానరాయి ఆనించి ఉంది. గుండ్రంగా ఉన్న మేర రాయి గీసుకుంటోంది... జర్‌ర్‌ర్... సొట్ట దగ్గరికి రాగానే చప్పుడు ఆగుతోంది. మళ్లీ... జర్‌ర్‌ర్...

కోటయ్య ఈడ్చే కాలు ఇదన్నమాట.

అటు తిరిగి కూర్చున్న మనిషి లేతు ఆపాడు. పక్కనున్న ఇంకో రోలరు ఒళ్లోకి లాక్కుని, ఇరుసు మీద ముద్ర పెట్టి సుత్తితో కొట్టాడు.

టక్.

అబ్దుల్లా తలుపు తోశాడు. ఆ మనిషి తిరిగి చూశాడు.

"మామూ..." అన్నాడు ఫరూక్. "చెరుకుపల్లి మీదుగా పొమ్మన్నాగా."

అబ్దుల్లా ఆ రోలరు మీద బొటనవేలు నొక్కి చూశాడు.

"పాత తొడుగే కాస్త చెక్కి, పైన నూనె కలిపిన రబ్బరు పల్చగా వేస్తే సరిపోతుంది మామూ. అందరూ ఇలాగే చేస్తున్నారు. నువ్వొక్కడివే..."

"చచ్చినవాణ్ణి కూడా వాడుకున్నావురా."

"కోటయ్యకి ఏం పోయింది మామూ?"

అబ్దుల్లా తిట్టలేదు, కొట్టలేదు. చేయి చాపాడు. ఫరూక్ ముద్ర తెచ్చి అరచేతిలో పెట్టాడు. వాడి చేతి వెచ్చదనం దానికింకా ఉంది. అబ్దుల్లా బయటికొచ్చి దాన్ని కాలవలోకి విసిరేశాడు. అబద్ధం మీద పడిన ముద్ర మళ్లీ నిజం మీద పడకూడదనుకున్నాడు.

తెనాలిలో ఇల్లు చేరేసరికి నూర్ బీ మేలుకునే ఉంది.

"ఫరూక్ ఇప్పుడే ఫోన్ చేశాడు భయ్యా, నువ్వు క్షేమంగా వచ్చావా అని. ఆ షెడ్డు దారిన వచ్చావట కదా?"

అతను కుళాయి కింద చేతులు పెట్టి రుద్దుకుంటున్నాడు.

"మొహమేంటి అలా ఉంది? కనబడిందా ఏంటి?"

"కనబడింది."

"అల్లా... నిన్నేం చేయలేదు కదా?" ఆమె గొంతు తగ్గించింది. "ఏమైనా అందా?"

అబ్దుల్లా కుళాయి కట్టేశాడు.

"మామూ అని పిలిచింది."