గుజ్జుకు అన్నం

"వద్దుర కౌశలూ, గ్రౌండుకు పోకు! పడితే మోకాలు పోతది. కుంటోనికి పిల్లనెవరిస్తరు?"

నవ్వుతూ వెళ్లాడు నా కొడుకు. సాయంత్రానికి ఉప్పల్ గ్రౌండ్‌లో క్యాచ్ పట్టబోయి పడనే పడ్డాడు. కుడి మోకాలి గుజ్జుకు కొంచెం దెబ్బ తగిలిందని, వారం విశ్రాంతి చాలని డాక్టర్ అన్నాడు. నా భయం నాది. నెల రోజులు వాణ్ని మంచం దిగనివ్వలేదు.

తర్వాత నాచారంలో ఫిజియోథెరపీకి తీసుకెళితే, అక్కడ వ్యాయామాలు చేయించే నీరజ అనే పిల్ల కాలు చూసి నా మీదికి లేచింది.

"నెల రోజులు పండబెట్టిన్రా? గుజ్జును ఉపాసముంచిన్రు ఆంటీ!"

"అయ్యో, రోజూ మేకకాళ్ల పాయా తాగించిన బిడ్డా!"

"పాయా కడుపులకు పోతది. గుజ్జుకు రక్తనాళాలే ఉండయి. గది గిన్నెలు తోమే స్పాంజి లెక్క. అడుగేస్తే పిండుకుంటది, ఎత్తితే కీలు లోపలున్న నీళ్లను పీల్చుకుంటది. గదే దాని అన్నం."

"ఎన్నడు మానుతది మేడం?" అన్నాడు కౌశల్, మోకాలు వదిలేసి ఆమె మొహం చూస్తూ.

"గుజ్జు నిమ్మళంగ పనిచేస్తది. తొందరపడొద్దు."

"నాకేం తొందర లేదు మేడం."

రోజూ చివర్న పది నిమిషాల నడక. ఇద్దరూ వరండాలో నవ్వుకుంటూ తిరుగుతుంటే ఆ పది నిమిషాలు అరగంటయ్యేవి. జారిపడతారేమోనని నేను వెనకే నడిచేదాన్ని.

ఆరు వారాలకు ఆఖరి రోజు. బయట వాన. కౌశల్ మునుపటికంటే ఎక్కువ కుంటుతూ లోపలికొచ్చాడు.

నీరజ నడుం మీద చేతులు పెట్టుకుంది. "దెబ్బ కుడికాలుకు గదా సార్? ఎడమకాలు కుంటుతున్రేంది?"

"దేవుడా! రెండోది గూడ పాయె!" అని ఏడుపందుకున్నాను.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "కాళ్లు మంచిగనే ఉన్నయమ్మా. ఇయ్యాల్టితోని ఈడికి వచ్చుడు బంద్ గదా, అందుకే... నీరజా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

నీరజ ఫైలు మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది.

కోపమొచ్చిందా? ఇంకెవరినైనా చేసుకుందామనుకుందా? నా నోరు ఆగలేదు. "చిల్కానగర్ల మాది రెండో అంతస్తు బిడ్డా, లిఫ్టు గూడ లేదు... అందుకేనా?"

వాన వెలిసింది. చూరు నీళ్లు కూడా ఆగాయి. ఆమె ఇంకా ఫైలు వైపే చూస్తోంది.

చివరికి తలెత్తకుండానే అంది:

"మెట్లుంటేనే మంచిది, అత్తమ్మా. ఇద్దరం రోజూ ఎక్కి దిగుతం. గుజ్జుకింత ముద్ద దొరుకుతది."